పదిహేడో క్యాసెట్ చివర

షార్జా,
9 జనవరి 2004

అక్కా,

నేను బాగున్నాను. ఇక్కడి చలి అచ్చం మన బోధన్ చలి, చెరుకు బండ్ల వాసన ఒక్కటే లేదు. నువ్వూ పిల్లలూ అత్తమ్మా బాగున్నారని తలుస్తాను. బీడీలు చుట్టడం కాస్త తగ్గించమని పోయిన ఉత్తరంలో రాశాను. నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. తెలివిగలదానివి.

అసలు సంగతికి వస్తాను. ఆశన్న బావ ఈ నెల ముప్పయ్యో తేదీన విమానం ఎక్కుతున్నాడు. ఈసారి నాలుగు నెలల సెలవు. ఆయన చేతికి మీ ఇద్దరి కోసం ఒక బహుమతి ఇస్తున్నాను. బంగారం కాదు, ఆశపడకు.

బావ పెట్టెలో నలభై మూడు క్యాసెట్లున్నాయి. ఈ పదేళ్లలో మనవాళ్లు ఎవరు ఇటు వస్తుంటే వాళ్ల చేతికిచ్చి నువ్వు పంపినవి, నీ మాటలు నింపినవి. వాటితో పాటు బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, మీ పెళ్లి వీడియో. ఇక్కడి ఎండకు టేపులన్నీ జిగురు పట్టి పాడవుతున్నాయి. అందుకని మా షాపు కంప్యూటర్లోకి ఎక్కించి, రెండే రెండు సీడీల్లో నీ మాటలన్నీ పట్టించాను. పాటలకూ పెళ్లికీ వేరే సీడీలు. మా మలయాళీ సేటు మంచివాడు, నాలుగు శుక్రవారాలు షాపు తాళం నాకే ఇచ్చాడు.

ఎక్కించడం పెద్ద పని కాదు. ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో మోగడమే తలనొప్పి. బతుకమ్మ పాట పెడితే గది అదురుతుంది, పెళ్లి వీడియో పెడితే పంతులు పెదాలు కదలడమే కనిపిస్తుంది, నీ క్యాసెట్ పెడితే మొదట కేకలు, చివరికి ఏమీ లేదు. బావ మీట తిప్పడానికే సగం సెలవు అయిపోతుంది. కంప్యూటర్ తెర మీద గొంతు ఆకుపచ్చ గీతలా కనిపిస్తుంది అక్కా. గట్టిగా మాట్లాడితే లావుగా, మెల్లగా మాట్లాడితే సన్నగా. ముందు ఒక్కోదాన్ని మొత్తంగా లేపి, దించి, అన్నింటినీ ఒక మట్టానికి తెచ్చాను. అది చాలలేదు. నీ ప్రతి క్యాసెట్లోనూ రెండో వైపు ఆఖరి నాలుగైదు నిమిషాలు గీత దారంలా అయిపోతోంది. అక్కడికి వచ్చేసరికి నీ రికార్డర్ బ్యాటరీలు దిగిపోయేవి కాబోలు. అప్పుడు ఇంకో పద్ధతి పట్టాను. అది సన్నగా ఉన్నచోట లేపుతుంది, లావుగా ఉన్నచోట అణుస్తుంది. ఇప్పుడు నీ మొదటి మాట ఎంత ఎత్తులో ఉందో చివరి మాటా అంతే ఎత్తులో ఉంది.

ఒట్టేసి చెబుతున్నాను, ఒక్క క్యాసెట్ కూడా వినలేదు. మొగుడూ పెళ్లాల మాటలు తమ్ముడు వినడం ఏం మర్యాద? స్పీకర్ తీగ పీకేసి, గీతలు చూసి మాత్రమే చేశాను. పేర్లు కూడా క్యాసెట్ల మీద నువ్వు అంటించిన చీటీలు చూసే పెట్టాను. పదిహేడోది 'చిన్నదాని మాటలు'. పిల్లకు చూపించు, సంతోషపడుతుంది.

పాత క్యాసెట్లు సామాను బరువని బావ పారేయమన్నాడు. పారేశాను. ఆయన పెద్ద స్పీకర్లున్న ప్లేయర్ కొన్నాడు, నవీపేట బజారు దాకా వినబడుతుంది.

నీ చేతి జొన్నరొట్టె మీద మనసున్న
రాజారాం


నవీపేట,
24 జనవరి 2004

తమ్మీ,

క్షేమ సమాచారాలు తర్వాత. ఆ సీడీలు బావ చేతికి ఇవ్వకు. ఇచ్చి ఉంటే తిరిగి తీసుకో. పాడైనాయని చెప్పు, పోయినాయని చెప్పు, ఏదైనా చెప్పు.

నీ ఉత్తరం నిన్న అందింది. ముప్పయ్యో తేదీకి ఆరు రోజులుంది, ఈ ఉత్తరం ఆలోగా నీకు చేరదని నాకు తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. పొద్దున ఎస్టీడీ బూత్‌కు పోయి మీ షాపు నంబరు మూడుసార్లు కలిపించాను. ఎవరో నాకు రాని భాషలో మాట్లాడి పెట్టేశారు. బావకు చెబుదామంటే ఆయన చేసినప్పుడే ఫోను, అదీ అత్త చేతిలో.

బ్యాటరీలు దిగిపోలేదు. నేనే గొంతు తగ్గించాను.

బావ గదిలో పన్నెండు మంది ఉంటారని నీకు తెలుసు. ఊరి నుంచి క్యాసెట్ వచ్చిందంటే అందరూ చుట్టూ కూర్చుని వింటారు, ఎవరి పెళ్లాం మాట్లాడినా తమ ఇంటి మాట విన్నట్టే. ఇక్కడ నేను మాట్లాడేటప్పుడూ అంతే, అత్త ఒక మాట, బీడీలు చుట్టే ఆడవాళ్లు తలా ఒక మాట. అందుకని నేనూ ఆయనా మొదట్లోనే అనుకున్నాం. అందరికీ పనికొచ్చేది ముందు, గట్టిగా. అది అయ్యాక నేను పసుపు బస్తాల గదిలోకి పోయి, కొంగు మైకు మీద కప్పి, చిన్న గొంతుతో చెప్పేది ఆయన ఒక్కడికి. అక్కడ అందరూ లేచిపోయాక ఆయన టేపు రికార్డర్‌కు చెవి ఆనించి వినేవాడు. ఈ ఊరి నుంచి పోయే ఆడవాళ్ల క్యాసెట్లన్నీ దాదాపు ఇంతే. మగవాళ్లకు ఎవరికీ చెప్పం.

నువ్వు వినలేదని ఒట్టేశావు. ఒక్కటి విన్నా బాగుండేది తమ్మీ, చెవులు మూసుకుని అక్కడితో ఆపేసేవాడివి.

అందులో ఏముందని అడగకు. ఒక మాట మాత్రం ఉంది, అది అత్త చెవిన పడితే ఈ ఇంట్లో నాకూ పిల్లలకూ చోటుండదు. అమ్మ పోయింది. బోధన్‌లో మన గదికి తాళం పడింది. నువ్వు అక్కడున్నావు. ఇద్దరు ఆడపిల్లలను పట్టుకుని ఎటు పోను?

రోజుకు పదిసార్లు దేవుడి గూట్లో దీపం సరిచేస్తున్నాను. చేతులకు వేరే పని తోచడం లేదు.

నీ అక్క
రేణుక


నవీపేట,
6 ఫిబ్రవరి 2004

తమ్మీ,

నా మొదటి ఉత్తరం ఇంకా నీకు అంది ఉండదు. అంతా అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బావ ముప్పై ఒకటిన వచ్చాడు. సంచిలోంచి సీడీలు ముందే తీసి దాచేద్దామనుకున్నాను. అత్త నన్ను సంచి దగ్గరికి రానియ్యలేదు, కొడుకు తెచ్చినవి తన చేత్తోనే పంచాలని ఆమె సరదా. మరునాడు ఆదివారం, చూసిపోదామని వాడకట్టు వాళ్లంతా వచ్చారు. కులపెద్ద తుకారాం కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బావ స్నానానికి దొడ్లోకి పోయాడు. నేను పొయ్యి దగ్గర మాంసం కలుపుతున్నాను. చిన్నది తన పసితనం మాటలు వింటానని గోల పెట్టి పదిహేడోది పెట్టించింది.

ముందు బాగానే ఉంది. పిల్ల 'బాపూ' అన్నప్పుడల్లా అందరూ నవ్వారు. చివరికి రాకముందే తీయించాలనుకున్నాను, నవ్వుల్లో టైం తెలియలేదు. ఆ తర్వాత నా గొంతు వచ్చింది, పక్కన నిలబడి మాట్లాడినంత గట్టిగా. 'గడ్డ గాదు. పిల్లలు గాకుంట ఆపరేషన్ చేయించుకున్న. అవ్వకు చెప్పకు.' కారం చేతులతోనే ఉరికాను. ఆ డబ్బా ఎట్లా ఆపాలో నాకు తెలియదు. తీగ పీకేసరికి అంతా అయిపోయింది.

నీకూ తెలియదు కదా. తొంభై ఏడు డిసెంబరులో అమ్మ దగ్గర పదిహేను రోజులున్నాను, కడుపులో గడ్డ తీశారని చెప్పాం, గుర్తుందా? గడ్డ కాదు. చిన్నదాని కాన్పులో నేను చచ్చి బతికాను. ఇంకో కాన్పు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అత్తకు చెబితే మనుమడు పుట్టేదాకా ఒప్పుకోదు. అమ్మా నేనూ పోయి చేయించుకొచ్చాం. బావకు క్యాసెట్లో చెప్పాను.

అత్త అరవలేదు. అరిస్తే తేలికగా ఉండేది. 'ఆరేండ్ల సంది శనారం శనారం ఒక్కపొద్దున్న. దేనికోసం ఉన్ననే నేను?' అని అందరి ముందు అడిగింది. మనుమడి కోసమని అక్కడ అందరికీ తెలుసు.

బావ తుండు భుజం మీద వేసుకుని దొడ్లోంచి వచ్చాడు. అందరూ ఆయన మొహం చూశారు. నేనూ చూశాను. నా పక్కన వచ్చి నిలబడతాడనే అనుకున్నాను తమ్మీ, నమ్ము.

'నాకేం తెల్వది. గంత సన్నగ మాట్లాడితే ఎవ్వలికి ఇనబడ్తది? నేను గూడ గిప్పుడే ఇంటున్న' అన్నాడు.

ఆయన విన్నాడు. విని, ఆ వేసవిలో జవాబు క్యాసెట్ కూడా పంపాడు. కానీ ఆయన గొంతు నాకంటే చిన్నది. మా టేపు రికార్డర్లో ఇప్పుడు పెడితే గరగర తప్ప ఏమీ లేదు. పెళ్లాం మాటకు సాక్ష్యం గరగరా అని నవ్వుతారు.

ఉగాది మరునాడు కులం పంచాయతీకి కూర్చుంటుంది. ధర్పల్లిలో అత్త తమ్ముడి కూతురుంది, ఆమెను బావకు చేయాలని అనుకుంటున్నారు. నేనూ పిల్లలూ పసుపు బస్తాల గదిలో ఉంటున్నాం. నా చేతి నీళ్లు అత్త ముట్టడం లేదు. బావ ఇంట్లోనే ఉన్నాడు, నా ఎదురుగా ఒక్కసారీ రాలేదు.

నా క్యాసెట్లు నిజంగానే పారేశావా? మొదటి రూపంలో ఒక్కటి దొరికినా, రికార్డర్‌కు చెవి పెట్టి వింటే వినబడుతుందని చూపించవచ్చు.

రేణుక


షార్జా,
12 ఫిబ్రవరి 2004

అక్కా,

నీ జనవరి ఉత్తరం తొమ్మిదిన చేరింది. చదివి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వుకున్నాను. అత్త మీద చాడీలు చెప్పావన్నమాట, అది కూడా పసుపు బస్తాల గదిలో కొంగు కప్పుకుని. ఏ కోడలు చెప్పదు? ఒకవేళ విన్నా నాలుగు రోజులు మూతి ముడుచుకుంటుంది, అయిదో రోజు మనుమరాళ్ల తల దువ్వాలి కదా. పోయి కాళ్లు పట్టుకో, అయిపోతుంది.

నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. చిన్న గొంతు సంగతి నాకు తెలియదు. ఇక్కడ క్యాంపుల్లో ఇద్దరు ముగ్గురిని అడిగితే నేల చూపులు చూశారు.

నువ్వు ఊరికే గాబరా పడుతున్నావనడానికి ఇంకో రుజువు. బావ ఈ నెల మూడున షాపుకు ఫోన్ చేశాడు. గొంతు మామూలుగానే ఉంది. 'పాత క్యాసెట్లు పారేసినవ్ గద? ఒక్కటి గూడ మిగల్లేదు గద?' అని రెండుసార్లు అడిగాడు. అన్నీ మునిసిపాలిటీ బండిలో పోయాయని చెప్పాను. 'మంచి పని జేసినవ్' అన్నాడు. ఇంట్లో గొడవ ఉంటే ఆ మాట అంటాడా?

పిల్లలకు పెన్సిళ్లు పంపుతున్నాను, పెద్దదానికి నీలం డబ్బా.

నవ్వుతూ ఉండు.
రాజారాం


షార్జా,
21 ఫిబ్రవరి 2004

అక్కా,

నిన్న నీ ఆరో తేదీ ఉత్తరం అందింది. నా పన్నెండో తేదీ ఉత్తరం ఇప్పుడు నీకు దారిలో ఎదురొస్తూ ఉంటుంది. అది వస్తే చదవకుండా చింపెయ్యి. బతిమాలుతున్నాను.

క్యాసెట్లు లేవక్కా. షాపు వెనక డబ్బా దగ్గరికి మళ్లీ పోయి చూసి వచ్చాను, ఆరు వారాల కిందటి చెత్త ఉంటుందని ఏ బుద్ధి ఉన్నవాడైనా చూస్తాడా? చూశాను. కంప్యూటర్లో ఉన్నది కూడా లేపిన గొంతే, మొదటి రూపం మీదే చేశాను, అది చెరిగిపోయింది. నేను మర్యాద అనుకున్నది నీ కొంప ముంచింది. ఒక్క అయిదు నిమిషాలు చెవి పెట్టి ఉంటే సరిపోయేది.

బావ ఫోన్ ఎందుకు చేశాడో ఇప్పుడు తెలిసింది. నేను సంతోషంగా జవాబు చెప్పాను.

ఆయన జవాబు క్యాసెట్ నీ దగ్గర ఉందన్నావు. అదే మనకు మిగిలింది. గరగర తప్ప ఏమీ లేదని నువ్వనుకుంటున్నావు, టేపు మీద పడిన మాట ఎక్కడికీ పోదు. ఊరికి వచ్చిన మన వెంకటి సెలవు అయిపోయి మార్చి ఆరున ఇటు బయల్దేరుతున్నాడు. వాడి చేతికివ్వు. తపాలాలో వద్దు. నీ చేత్తో వాడి చేతిలో పెట్టు. ఎవరైనా అడిగితే రాజారాంకు పాటలని చెప్పు.

ఈసారి వింటాను.

నీ తమ్ముడు


నవీపేట,
25 ఫిబ్రవరి 2004

రాజారాంకు,

నీ పన్నెండో తేదీ ఉత్తరం నిన్న అందింది. చాడీలు చెప్పానని నవ్వుకున్నావట. కాళ్లు పట్టుకుంటే అయిపోతుందట. పట్టుకున్నాను. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది.

బావ అడగ్గానే ఒక్కటీ మిగల్లేదని చెప్పావు. ఆ ఫోన్ చేసిన రోజు నుంచి ఆయన తల ఎత్తుకుని తిరుగుతున్నాడు. దేని వల్లనో ఇన్నాళ్లూ నాకు అర్థం కాలేదు. నువ్వు బావ పక్షమా, నా పక్షమా? ఆయన నీకు వీసా ఇప్పించాడు, నాకు తెలుసు. ఉంటే ఉండు ఆయన పక్షమే. దాపరికం మాత్రం వద్దు.

పెన్సిళ్లు పంపకు. ఇక ఉత్తరాలూ రాయకు.

రేణుక


నవీపేట,
5 మార్చి 2004

తమ్మీ,

నీ ఇరవై ఒకటో తేదీ ఉత్తరం నిన్న వచ్చింది. అంతకుముందు నేను రాసింది పట్టించుకోకు. అది అందేసరికి నువ్వు ఎంత బాధపడతావో తలుచుకుని సంతోషపడిన మనిషిని నేనేనా అని ఇప్పుడు అనిపిస్తోంది. ఇక్కడ నాతో మాట్లాడే పెద్దమనిషి ఒక్కరూ లేరు. అందుకే దూరంలో ఉన్నవాడివి దొరికావు.

వెంకటి రేపు బయల్దేరుతున్నాడు. క్యాసెట్ తునికాకు కట్టలో చుట్టి ఇస్తున్నాను. మీద 'రేణుకకు, 98 ఎండకాలం' అని ఆయన చేతి రాతే ఉంది. రెండో వైపు చివర చూడు. ఆయన ఒప్పుకున్న మాట ఉంది, అది బాగా గుర్తుంది. మిగతాదేముందో గుర్తు లేదు.

ధర్పల్లి నుంచి పిల్ల తండ్రి వచ్చి పొలం చూసిపోయాడు. పసుపు ఉడుకుతున్న కడాయి దగ్గర నిలబడి, ఎన్ని బస్తాలవుతుందని నన్నే అడిగాడు. కూలిదాన్ని అనుకున్నాడు. బావ అక్కడే ఉన్నాడు, నేను ఎవరో చెప్పలేదు. నలభై బస్తాలని చెప్పాను.

ఉగాది ఇరవై ఒకటిన. నీ మీదే పెట్టుకున్నాను.

అక్క


షార్జా,
12 మార్చి 2004

అక్కా,

వెంకటి ఏడున క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. నీ కోపం ఉత్తరం ఆ మరునాడు వచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను, అందులో రాసింది నాకు తగినదే.

స్పీకర్ తీగ పెట్టాను. మొదట నువ్వన్నట్టే గరగర. గొంతును లేపితే గరగర కూడా దానితో పాటే లేస్తుంది, దాన్ని అణిస్తే మాట కూడా అణిగిపోతుంది. మాట లేనిచోట గరగర ఎట్లా ఉందో కంప్యూటర్‌కు చూపించి, అంతవరకే తీసేయమని, కొంచెం కొంచెంగా చేశాను. నలభై మూడు క్యాసెట్లను గీతలు చూసి నాలుగు శుక్రవారాల్లో అవగొట్టిన మొనగాణ్ని, ఈ రెండు నిమిషాలకు నాలుగు రోజులు పట్టింది. సేటుకు జ్వరమని చెప్పాను.

మాట వచ్చిందక్కా. స్పష్టంగా వచ్చింది. 'రేణుకా, నువ్వు జేసింది మంచిగైంది. ఆపరేషన్ సంగతి అవ్వకు నేనే చెప్త, పరేషాన్ గాకు. ఇద్దరు సాలు.' ఆ తర్వాత దగ్గుతాడు. నేను కుర్చీలోంచి లేచి ఏడ్చాను.

కానీ దగ్గు తర్వాత ఇంకో మాట ఉంది. అది రాయడానికి నాకు చేయి రావడం లేదు, అయినా నీకు ముందే తెలియాలి. 'అవ్వ ఇంకెన్ని రోజులుంటది? నాలుగేండ్లో ఐదేండ్లో. అప్పటిదాంక ఓర్సుకో, గడ్డ అనే చెప్పు' అన్నాడు. అత్తమ్మ ఆ సభలోనే కూర్చుని ఉంటుంది.

కత్తిరించడం నాకు చిటికెలో పని, అతుకు కూడా తెలియదు. రెండుసార్లు చేయబోయి ఆగాను. ఒకసారి నీ మాటల మీద నీకు చెప్పకుండా చేయి వేశాను, దాని ఫలితం చూస్తున్నాం. రేపు పదిమందిలో ఇది రాజారాం కంప్యూటర్లో పుట్టించాడని ఎవరైనా అంటే, లేపడం తప్ప నేనేమీ చేయలేదని ప్రమాణం చేయగలగాలి. అందుకని ఉన్నది ఉన్నట్టే పంపుతున్నాను. నువ్వు దగ్గు వినబడగానే ఆపెయ్యి. రిమోట్‌లో నలుచదరంగా ఉన్న గుర్తు, మధ్యలో. పిల్లను అడిగి ముందే చూసుకో. ముసలామెకు ఆ మాట వినబడనియ్యకు.

ఇక్కడి నుంచి సెలవుకు వస్తున్న నర్సన్న పదిహేడున నవీపేట చేరతాడు. సీడీ, ఈ ఉత్తరం వాడి చొక్కా లోపలి జేబులో ఉంటాయి.

ఇక్కడ కూర్చుని ఉగాది మరునాటి కోసం రోజులు లెక్కపెడుతున్న
రాజారాం


నవీపేట,
2 ఏప్రిల్ 2004

తమ్మీ,

పదకొండు రోజులు కలం పట్టలేకపోయాను. నువ్వు అక్కడ ఎంత కొట్టుకుంటున్నావో తెలిసినా రాయలేకపోయాను.

నర్సన్న అనుకున్న రోజే వచ్చాడు. సీడీ అందాక పొలం దగ్గర బావను ఆపి చెప్పాను. 'నీ మాట నా దగ్గర ఉన్నది. నేను పెట్టను, నువ్వే లేచి చెప్పు' అన్నాను. ఆయన పసుపు కొమ్ము ఒకటి తీసి విరిచి, లోపలి రంగు చూసి, కుప్పలో వేసి పోయాడు.

కులం మా వాకిట్లోనే కూర్చుంది. తుకారాం అడిగితే బావ మళ్లీ అదే మాట చెప్పాడు, నాకేం తెలియదని. అప్పుడు నేను ప్లేయర్ బయటికి తెచ్చి పెట్టాను. నీ చేతి పని బాగుంది తమ్మీ. ఆరేళ్ల కిందటి మాట, నిన్న మాట్లాడినట్టుంది. 'ఇద్దరు సాలు' అనేసరికి తుకారాం కుర్చీలో ముందుకు జరిగాడు. దగ్గు వినబడింది. నా వేలు ఆ గుర్తు మీదే ఉంది.

సరిగ్గా అప్పుడే బావ లేచాడు. 'గది నా గొంతు గాదు. ఈమె తమ్మునికి కంప్యూటరొస్తది, వాడు జేసిండు' అన్నాడు.

నేను నొక్కలేదు. నొక్కడానికి టైం ఉంది. అత్త నా ఎదురుగా గడప మీద కూర్చుని ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది. నొక్కలేదు తమ్మీ.

అది మొత్తం వినబడింది, నాలుగేండ్లో ఐదేండ్లో అన్నదాకా, వెనక వరుసలో ఉన్నవాళ్లకు కూడా.

తుకారాం గడప వైపు తిరిగి అడిగాడు, 'అంజవ్వా, గది నీ కొడుకు గొంతేనా?' అని. కాదని ఆమె ఒక్క మాట అంటే అయిపోయేది. కన్నతల్లి మాట కాదని నా సీడీని ఎవరూ నమ్మరు. కొడుకు నిలబడేవాడు, ధర్పల్లి పిల్ల వచ్చేది, నేను పోయేదాన్ని. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. 'నేను కన్న గొంతు నాకెర్కలేదా? వాడే. ఇగ పంచాతెందుకు, లేవుండ్రి' అన్నది. ధర్పల్లి వాళ్లు చాయ్ కూడా తాగకుండా పోయారు.

బావ ఇరవై అయిదున వెనక్కి బయల్దేరాడు, రెండు నెలల సెలవు వదిలేసుకుని. తల్లి కాళ్లకు మొక్కితే 'పోయిరా' అన్నది, వాకిట్లో బిచ్చమడిగినవాడికి చెప్పినట్టు. నా వైపు చూడకుండానే బావ సంచి ఎత్తుకున్నాడు. నీకు అక్కడ కనబడితే నువ్వు మాట్లాడు, వీసా ఇప్పించిన మనిషి.

నేను ఇంట్లోకి వచ్చేశాను. పిల్లలు నాయనమ్మ దగ్గరే పడుకుంటున్నారు. గెలిచానని రాయాలి, చోటు దక్కిందని రాయాలి. నీకు అది తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

పోయిన శనివారం అత్త ఒక్కపొద్దు ఉండలేదు. ఆరేళ్లలో మొదటిసారి పొద్దున కంచం ముందు కూర్చుంది. నేను అన్నం పెడితే వద్దనలేదు. ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, ఆపి అడిగింది. 'నువ్వు గూడ గట్లనే అనుకున్నవా, నేనెన్ని రోజులుంట అని?'

లేదత్తా అన్నాను. ఆమె నా మొహం చూసింది. నమ్మింది. నమ్మి తినడం మొదలుపెట్టింది, మజ్జిగ పోయమన్నది.

అనుకున్నాను తమ్మీ. మిగతాదేముందో గుర్తు లేదని నీకు రాశాను, అది అబద్ధం. ఆయన ఆ మాట అన్నాక నేను పంపిన క్యాసెట్లో, పసుపు బస్తాల గదిలో కూర్చుని, 'నిజమే, ఇంకెన్ని రోజులుంటదిలే' అని నేనూ అన్నాను. నవ్వుతూ అన్నాను. అది నువ్వు పంపిన రెండో సీడీలో ఉంది, అన్ని మాటలంత గట్టిగా ఉంది. పిల్లలు ఏ రోజు పెట్టుకున్నా వినబడుతుంది.

నిన్న నా మాటలున్న రెండు సీడీలూ పొయ్యిలో వేశాను. అత్త పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. 'ఏం వాసనే గది?' అని అడిగింది. ప్లాస్టిక్ కవర్ కాలిందత్తా అన్నాను. 'జర పైలం, చెయ్యి కాల్తది' అని చెప్పి మళ్లీ బియ్యంలోకి తల వంచింది.

నీ అక్క
రేణుక